నర్సమ్మ రాని వీధులు

కుందూ ఒడ్డున పట్నం – 6వ భాగం

గత భాగంలో కర్నూలు దాకా వెళ్లి ఆగాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఆ ఊరు మూడేళ్లకే ఆ హోదాను హైదరాబాదుకు వదులుకుంది. 1956లో మొదలైన మెడికల్ కాలేజీ సీమకు ఊరటగా మిగిలింది. దాని ఆసుపత్రి ఇటు నంద్యాల, కోవెలకుంట్ల నుంచి అటు గద్వాల, రాయచూరు దాకా అందరికీ పెద్దాసుపత్రి అయింది. అంతకుముందు కథ, అంటే కేసీ కాలువ తవ్వకం, నల్లమల అంచు ఊళ్ల చలిజ్వరాలు, 1876-78 కరువు, 1899లో నంద్యాల మున్సిపాలిటీ ఏర్పాటు, మొదటి భాగాల్లో చదివారు.

ఈ భాగం 1985 నుంచి 2009 దాకా నడుస్తుంది. పాతికేళ్లు కూడా లేని ఈ కాలంలోనే గోస్పాడు, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు పల్లెల నుంచి జనం నంద్యాలకు తరలివచ్చారు. వాళ్లకు వైద్యం ఎవరు చేశారు, ఎందుకు చేయలేకపోయారు అన్నదే ఇప్పటి కథ.

1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలను తీసేసి మండలాలు పెట్టింది. గోస్పాడు మండల కేంద్రం అయింది. ప్రతి సంతకానికీ తాలూకా కచేరీ దాకా నడిచే అవస్థ తప్పింది. ఆఫీసులు వచ్చాయి, బ్యాంకు అప్పుల కోసం మనుషుల రాకపోకలు పెరిగాయి, నంద్యాల రోడ్డు మీద బస్సులు పెరిగాయి. వైద్యం విషయంలో అప్పటికే పల్లెకు ఒక లెక్క ఉండేది. ముప్పై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఐదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, ఆ ఉపకేంద్రానికి ఒక ఏఎన్‌ఎం. ఊళ్లో ఆమె నర్సమ్మ.

నర్సమ్మ పని దగ్గరగా చూస్తే తప్ప దాని విలువ తెలియదు. చేతిలో ఐసు గడ్డలు పెట్టిన టీకాల డబ్బా, చంకలో లావుపాటి రిజిస్టరు. ఏ ఇంటి కోడలికి నెల తప్పిందో ఆమెకు అత్తగారి తర్వాత తెలిసేది. ధనుర్వాతం సూది వేసేది, ఐరన్ మాత్రలు ఇచ్చి, మళ్లీ వచ్చినప్పుడు మింగావా లేదా అని గట్టిగా అడిగేది. బిడ్డ పుట్టాక ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలు, తొమ్మిదో నెల నిండగానే తట్టు టీకా. ఇంట్లో లేకపోతే చేనికి కబురు పెట్టేది. అందరూ ఇంత శ్రద్ధగా చేశారని కాదు. ఉపకేంద్రంలో రాత్రి నిలవని వాళ్లు, నెలకు రెండు మూడుసార్లే కనిపించే వాళ్లు ఉన్నారు. అయినా ఈ ఊరి ప్రాణాలకు ఫలానా మనిషి బాధ్యురాలు అని పేరు పెట్టి చెప్పగలిగే ఏర్పాటు పల్లెలో ఉంది.

ఇక వలస. ఇది ఒక్కసారిగా జరిగిన పని కాదు. గోస్పాడు చుట్టుపక్కల నల్లరేగడి నేల మంచిదే, కేసీ కాలువలో నీళ్లుంటే వరికి కొదవ లేదు. నీళ్లు రాని ఏడాది కూలి మొదట దెబ్బతింటాడు. 2001 నుంచి 2004 దాకా సీమలో వరసగా వచ్చిన కరువు కాలంలో అదే జరిగింది. ట్రాక్టర్లు అంతకుముందే వచ్చాయి, తర్వాత వరికోత యంత్రాలు వచ్చాయి. కోతల కాలంలో ఇంటిల్లిపాదీ సంపాదించుకునే గింజలు తగ్గిపోయాయి. పిల్లల చదువు మరో కారణం. నంద్యాల అప్పటికే కాలేజీల ఊరు, తర్వాత బ్యాంకు పరీక్షల కోచింగుల ఊరు. పైకి చెప్పుకోని కారణం ఇంకొకటి ఉంది. కక్షలు రగిలే ఊళ్లలో ఎదిగిన కొడుకును కళ్ల ముందు ఉంచుకోవడం కంటే పట్నంలో గది తీసుకుని దూరంగా ఉంచడమే మేలనుకున్న తల్లులు చాలామంది. ఆళ్లగడ్డ వైపు ఇది మరీ ఎక్కువ. రాజకీయ వైరాల గురించి రాసే చరిత్రల్లో చచ్చినవాళ్ల లెక్కలు ఉంటాయి, భయంతో ఊరు విడిచిన కుటుంబాలు ఏ లెక్కలోనూ ఉండవు.

వచ్చినవాళ్లు నూనెపల్లె, మూలసాగరం, దేవనగర్ వైపు అద్దె గదుల్లో చేరారు. అద్దె కూడా కట్టలేనివాళ్లు చామకాలువ, మద్దిలేరు గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. ఈ రెండు వాగులూ ఊరి మధ్యగా పారి కుందూలో కలుస్తాయి. ఎండాకాలం వాటిలో ఊరి మురుగు నిలిచి ఉంటుంది, పై నుంచి వాన దిగితే ఒక్క రాత్రిలో ఇళ్లలోకి వస్తాయి. మగవాళ్లు మార్కెట్ యార్డులో, రైసు మిల్లుల్లో హమాలీలు, లేకపోతే బేల్దారి పని. ఆడవాళ్లు ఇళ్లలో పాచిపని, పత్తి మిల్లుల్లో దినకూలి. 2001 నాటికి నంద్యాల జనాభా లక్షన్నర, 2011 నాటికి రెండు లక్షలు దాటింది.

ఊరితో సంబంధం మాత్రం తెగలేదు. రేషను కార్డు గోస్పాడులోనే ఉండిపోయేది. ఏ ఊళ్లో కార్డుంటే ఆ ఊళ్లోనే బియ్యం ఇచ్చే రోజులు కాబట్టి, నెలకోసారి సంచి పట్టుకుని బస్సెక్కాల్సిందే. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మామూలే. అక్కడ నర్సమ్మ రిజిస్టరులో పేరు ఎక్కేది, మొదటి టీకాలు పడేవి. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లి బిడ్డను ఎత్తుకుని పట్నం గదికి తిరిగి వచ్చేది. పల్లె రిజిస్టరులో ఆ బిడ్డ పేరు పక్కన 'ఊరు వెళ్లారు' అన్న మాట పడేది. పట్నంలో ఆ బిడ్డ పేరు రాసుకునే రిజిస్టరే ఉండేది కాదు. తట్టు టీకా వేయాల్సిన తొమ్మిదో నెల వచ్చేసరికి ఆ బిడ్డ ఎవరి లెక్కలోనూ లేడు. ఇరుకు గదుల వీధిలో ఒక ఇంట్లో తట్టు పోస్తే పది ఇళ్లకు పాకుతుంది. అమ్మవారు పోసిందని వేపాకు కట్టి కూర్చున్న ఇళ్లలో, దాని వెనకే వచ్చిన న్యుమోనియాతో, విరేచనాలతో బిడ్డలు పోయారు.

గోస్పాడు నుంచి నంద్యాలకు అరగంట బస్సు ప్రయాణం. ఆ అరగంటలో ఒక ఇల్లాలికి పెద్ద ఆసుపత్రి దగ్గరయింది, గడప దగ్గరికి వచ్చే నర్సమ్మ దూరమైంది. ఈ పాతికేళ్ల చరిత్రను నేను ఈ ఒక్క మాట చుట్టూనే చూస్తాను.

ఆసుపత్రి సంగతి ముందు చూద్దాం. 1986లో ప్రభుత్వం వైద్య విధాన పరిషత్‌కు చట్టం చేసింది. బోధనాసుపత్రులకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ మధ్యలో ఉన్న ఆసుపత్రులను ఆ పరిషత్ కిందికి తెచ్చింది. కర్నూలులో ఉన్నది బోధనాసుపత్రి. కాబట్టి పరిషత్ లెక్కలో కర్నూలు జిల్లాకు జిల్లా ఆసుపత్రి నంద్యాలది అయింది. నంద్యాల జిల్లా కేంద్రం కావడానికి చాలా ముందే జిల్లా ఆసుపత్రి ఉన్న ఊరు కావడం ఇందువల్లే. 1995 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పుతో ఇలాంటి ఆసుపత్రులకు కొత్త వార్డులు, ఆపరేషన్ థియేటర్లు, యంత్రాలు సమకూర్చే పని రాష్ట్రమంతా సాగింది.

అంత పెద్ద ఆసుపత్రి ఊళ్లోనే ఉంటే పేదకు ఇంకేం కావాలని అధికారులు అనుకున్నారు. జ్వరం వచ్చిన హమాలీకి అది ఎంత దూరమో ఆలోచించినవాళ్లు తక్కువ. ఓపీ పొద్దున పూట. చీటీకి ఒక వరస, డాక్టరు గది ముందు ఒక వరస, రక్తపరీక్షకు మరో వరస, మందుల కిటికీ దగ్గర ఇంకొకటి. అన్నీ దాటేసరికి మధ్యాహ్నం. ఆ రోజు కూలి పోయినట్టే, తోడు వచ్చిన భార్య కూలి కూడా పోయినట్టే. పరీక్ష ఫలితం రేపు రమ్మంటే రెండో రోజూ పోయింది. మందు ఉచితమే గానీ దానికి రెండు రోజుల కూడు చెల్లించాల్సి వచ్చేది.

కాబట్టి వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి పోయారు. ఆయన గది సాయంత్రం, కూలి నుంచి జనం తిరిగొచ్చే వేళకు తెరిచి ఉంటుంది. బల్ల, పైన మేకుకు వేలాడే గ్లూకోజు బాటిలు, స్టీలు డబ్బాలో సూదులు. డబ్బు లేకపోతే శనివారం కూలి పడ్డాక ఇమ్మంటాడు. 'ఏం పెద్దమ్మా, నొప్పులు తగ్గినాయా' అని పలకరిస్తాడు. అవసరం లేని సూదులు, ఎడాపెడా ఇచ్చిన యాంటీబయాటిక్‌లు, ఒకే సూది పదిమందికి వాడిన రోజులు, వీటివల్ల జరిగిన హాని చిన్నది కాదు. ఆ హాని నాకు తెలుసు. అయినా ఆయన్ని తిట్టి ఊరుకోవడం చరిత్రకు న్యాయం కాదు. ప్రభుత్వం ఖాళీగా వదిలిన వీధిలో, జనానికి వీలైన వేళలో, అప్పు మీద వైద్యం ఇచ్చినవాడు అతనొక్కడే.

ఆ వీధి ఎందుకు ఖాళీగా ఉండిపోయింది? బీజం 1946 భోర్ కమిటీ నివేదికలో ఉంది. దేశంలో జనమంతా పల్లెల్లోనే ఉన్నారు, డాక్టర్లంతా పట్నాల్లో ఉన్నారు, కాబట్టి పల్లెకు ఆరోగ్య కేంద్రాలు కావాలన్నది దాని ఆలోచన. అప్పటికి అది సరైన ఆలోచనే. 1952 నుంచి బ్లాకుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. పట్నం బాధ్యత మున్సిపాలిటీదే అనుకున్నారు. 1965 మున్సిపాలిటీల చట్టం కూడా పారిశుద్ధ్యం, టీకాలు, అంటురోగాల అదుపు పురపాలక సంఘం మీదే పెట్టింది. కానీ దాని ఖజానా కాలువలు తీయించడానికే చాలేది కాదు. వైద్య శాఖను అడిగితే వార్డులు మున్సిపాలిటీవి అనేది, మున్సిపాలిటీని అడిగితే డాక్టర్లు వైద్య శాఖ వాళ్లు అనేది. రెండు శాఖల మధ్య ఈ పంతం దశాబ్దాలు నడిచింది. 1982లో కృష్ణన్ కమిటీ మురికివాడల్లోనే ఆరోగ్య కేంద్రాలు పెట్టాలని సూచించింది. మహానగరాల్లో కొన్ని వచ్చాయి. నంద్యాల లాంటి మధ్యరకం ఊళ్ల దాకా ఆ గాలి సోకలేదు.

1991లో నంద్యాల పేరు దేశమంతా మోగింది. ప్రధానిగా ప్రమాణం చేసిన పీవీ నరసింహారావుకు పార్లమెంటు సభ్యత్వం కావాలి. గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టలేదు. పీవీ రికార్డు మెజారిటీతో గెలిచారు. నంద్యాల ఎంపీ ప్రధానిగా ఉన్న ఆ రోజుల్లోనే, 1992 డిసెంబరులో, పార్లమెంటు 74వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. ప్రజారోగ్యం, మురికివాడల బాగు పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులుగా పన్నెండో షెడ్యూలులో చేరాయి. వాటికి కావాల్సిన డబ్బు, సిబ్బంది వెంట రాలేదు. రాజ్యాంగంలో హక్కు వచ్చినా మద్దిలేరు గట్టు మీద గుడిసెకు ఏఎన్‌ఎం రాలేదు.

మార్పు వచ్చిన దారి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. అది ఆరోగ్యం పేరుతో రాలేదు, జనాభా పేరుతో వచ్చింది. ప్రపంచ బ్యాంకు సాయంతో హైదరాబాదు, బెంగళూరు, ఢిల్లీ, కలకత్తా మురికివాడల్లో ఎనిమిదో జనాభా ప్రాజెక్టు 1990ల నడుమ మొదలైంది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రాష్ట్ర జనాభా విధానం ప్రకటించి కుటుంబ నియంత్రణను ఉద్యమంలా నడిపింది. హైదరాబాదు అనుభవాన్ని చిన్న పట్నాలకు విస్తరిస్తూ 2000లో పట్టణ మురికివాడల ఆరోగ్య ప్రాజెక్టు వచ్చింది. 74 మున్సిపాలిటీల్లో 192 పట్టణ ఆరోగ్య కేంద్రాలు. నడిపే బాధ్యత స్వచ్ఛంద సంస్థలది. ఒక్కో కేంద్రానికి ఒక డాక్టరు, ఇద్దరు ఏఎన్‌ఎంలు, ఒక కమ్యూనిటీ ఆర్గనైజర్. వీధిలోనే ఉండే ఆడవాళ్లను లింక్ వర్కర్లుగా తీసుకున్నారు.

ఈ లింక్ వర్కర్లనే నేను ఈ కథలో ముందు వరసలో నిలబెడతాను. వాళ్లు పెద్దగా చదువుకున్నవాళ్లు కారు, వచ్చే డబ్బు నామమాత్రం. బుధవారం, శనివారం టీకాల రోజు వస్తే పొద్దున్నే వీధి వీధీ తిరిగి తల్లులను లేపేవాళ్లు. 'అక్కా, ఈ నెల పాపకు తట్టు సూది ఉంది, పనికి పోకముందే వచ్చిపో' అని ఒకరు చెప్పాలంటే, ఆ అక్క ఏ ఊరి నుంచి వచ్చిందో, ఏ గదిలో ఉందో, పాపకు ఎన్నో నెలో తెలిసి ఉండాలి. పల్లె రిజిస్టరు నుంచి జారిపోయిన బిడ్డలు ఇలా మళ్లీ ఒక లెక్కలోకి వచ్చారు. పల్లెలో ఇచ్చిన టీకా కార్డును బియ్యం డబ్బాలో దాచిపెట్టి తెచ్చిన తల్లికి, ఆ కార్డు చూసి మిగిలిన టీకాలు వేసే మనిషి పట్నంలో మొదటిసారి దొరికింది.

ఈ కేంద్రాల లోటు కూడా చెప్పాలి. అవి తల్లీబిడ్డల కోసం పుట్టాయి, ఎంత పని చేశాయన్న లెక్కలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పెద్ద పీట. కాన్పులు అక్కడ కావు. బస్తాలు మోసి నడుం పోయిన హమాలీకి, బేతంచెర్ల వైపు నాపరాతి పాలిషింగు దుమ్ము పీల్చి దగ్గుతూ వచ్చినవాడికి అక్కడ దొరికేది కాస్తంతే. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బును క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగినవాళ్లు ఈ ప్రాంతంలో ఉన్నారు. కూలికి పోయేవాడు ఇంట్లో ఉండే సాయంత్రం పూట కేంద్రం తలుపులు మూసి ఉండేవి. 2002లో ప్రపంచ బ్యాంకు డబ్బు ఆగిపోయింది, భారం రాష్ట్రం మీద పడింది. జీతాలు గౌరవ వేతనాల స్థాయిలోనే ఉండటంతో డాక్టర్లు నిలవలేదు. డాక్టరు లేని నెలల్లోనూ ఏఎన్‌ఎంలు, లింక్ వర్కర్లు కేంద్రాన్ని నిలబెట్టారు.

2005 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభించింది. పేరులోనే గ్రామం ఉంది. ఆశా కార్యకర్తలు పల్లెలకు వచ్చారు, పట్నానికి అలాంటి మిషన్ రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. అదే ఏడాది వచ్చిన జననీ సురక్ష యోజనలో, మన రాష్ట్రం లాంటి చోట్ల పేద తల్లి ఆసుపత్రిలో కంటే ఇచ్చే సాయం పల్లెలో 700 రూపాయలు, పట్నంలో 600. పట్నంలో ఆసుపత్రి దగ్గర కాబట్టి ఖర్చు తక్కువని ఎవరో లెక్క వేసి ఉంటారు. పట్నంలో గది అద్దె ఎంతో ఆ లెక్కలో లేదు.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు వచ్చింది. దాన్ని జనం ఎంత త్వరగా తమదిగా చేసుకున్నారో చూసినవాళ్లకు గుర్తుంటుంది. అర్ధరాత్రి నొప్పులొస్తే ఆటోవాణ్ని బతిమాలే పని తప్పింది.

ఆ తర్వాత ఆరోగ్యశ్రీ. దాన్ని తెచ్చిన ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి స్వయంగా డాక్టరు. గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివి, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసి, పులివెందులలో సొంత ఆసుపత్రి పెట్టారు. కోవెలకుంట్ల వైపు జనానికి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి కొత్త కాదు. పెద్ద జబ్బు వస్తే పేద కుటుంబం ఎలా కూలిపోతుందో ఆయన డాక్టరుగా దగ్గర నుంచి చూశారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలై, 2008 జూలై నాటికి రాష్ట్రమంతా పాకింది. కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా, 942 చికిత్సలు. తెల్ల రేషను కార్డు చాలు. ఇక్కడ వలస కుటుంబానికి ఒక మేలు జరిగింది. బియ్యం గోస్పాడులోనే ఇచ్చే కార్డు, ఆపరేషనుకు మాత్రం హైదరాబాదులోనైనా చెల్లింది.

గుండెకు చిల్లు ఉన్న బిడ్డను ఎత్తుకుని కార్పొరేట్ ఆసుపత్రి అద్దాల తలుపు దాటిన కూలితల్లి, అక్కడ ఆరోగ్యమిత్ర బల్ల ముందు కూర్చుని 'ఏ ఊరమ్మా' అని అడిగించుకున్న రోజును తక్కువ చేసి చూడలేం. అంతకుముందు ఆ బిడ్డ చావును తలరాత అనుకునేవాళ్లు. అది తలరాత కాదని, ప్రభుత్వం చేయగలిగిన పనేనని జనానికి అర్థమైంది. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ పేరు మార్చిందే తప్ప పథకాన్ని ఎత్తేయలేకపోయింది.

కానీ గుండె ఆపరేషనుకు లక్ష ఇచ్చిన పథకం, ఆ గుండె పాడవకుండా ఆపే బీపీ మాత్రకు రూపాయి ఇవ్వలేదు. జ్వరానికి, మధుమేహానికి, దగ్గుకు ఓపీలో అది పనిచేసేది కాదు. జనం డబ్బు తగలేసేది ఎక్కువగా ఈ చిన్న జబ్బులకే. ఆరోగ్య బడ్జెట్‌లో ఆపరేషన్ల వాటా పెరిగింది, పట్టణ ఆరోగ్య కేంద్రాలు మాత్రం గౌరవ వేతనాల మీదే నడిచాయి. ప్రభుత్వాసుపత్రీ ప్రైవేటు ఆసుపత్రీ ఒకే రూపాయి కోసం పోటీ పడాల్సి వచ్చింది, ఆ పోటీలో అద్దాల భవనానిదే పైచేయి.

ఆపరేషనుకు డబ్బు వస్తుంది, మాట్లాడి పంపితే రాదు అన్న లెక్క వైద్యంలోకి చొరబడితే ఏమవుతుందో ఆడవాళ్ల ఒళ్లు చెప్పింది. తెల్లబట్టకు, నడుంనొప్పికి గర్భసంచి తీసేయించుకోవడం రాష్ట్రమంతటా, ముప్పై దాటని ఆడవాళ్లలోనూ, మామూలైపోయింది. ఆరోగ్యశ్రీకి ముందే ఇది ఉంది, అప్పులు చేసి మరీ చేయించుకున్నారు. పథకంలో చేరాక విమర్శలు రావడంతో ఈ ఆపరేషనును ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. చాలా ఏళ్ల తర్వాత, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి మూడు చొప్పున ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది. దేశంలోకెల్లా మనమే ముందు. వీధిలో ఒక నర్సమ్మ ఉండి, ఆ తెల్లబట్ట చిన్న మందుతో పోతుందని చెప్పి ఉంటే వాళ్లలో ఎందరు ఆపరేషను బల్ల ఎక్కేవాళ్లు కారో!

2009 సెప్టెంబరు 2న చిత్తూరుకు బయలుదేరిన రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట మీద కూలిపోయింది. సరిగ్గా నెలకు, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. సీమలో సగం మంది నమ్ముకున్న పెద్దాసుపత్రి ఉన్న ఊరే నీళ్లలో ఉంది.

వచ్చే భాగంలో ఆ వరద దగ్గర మొదలుపెడదాం. 2013లో పట్నానికీ ఒక ఆరోగ్య మిషన్ రావడం, 2016లో మురికివాడ ఆరోగ్య కేంద్రాలను ప్రైవేటు సంస్థలకు అప్పగించి తెర మీద డాక్టర్లను చూపించడం, 2022లో నంద్యాల జిల్లా కావడం, 1906 నాటి వ్యవసాయ పరిశోధనా క్షేత్రం భూమిలో మెడికల్ కాలేజీ కట్టాలన్నప్పుడు రైతులకూ ప్రభుత్వానికీ మధ్య రేగిన వివాదం, వీటన్నిటి మధ్య లింక్ వర్కర్లు ఏమయ్యారన్నది చెప్పుకుందాం.